దినాలు ఐదొద్దులకు కుదిస్తున్నరు, వంశం పేర్లు ఎప్పుడు రాసుకోవాలె?

ప్రశ్న (మునుగోడు)
పదకొండొద్దుల దినాలు ఇప్పుడు ఐదొద్దులకు, కొన్ని ఇండ్లల్ల మూడొద్దులకే అయిపోతున్నయి. శవాన్ని బండిల నేరుగ వైకుంఠధామానికే తీస్కపోతున్నరు. దింపుడు కల్లం కాడ పాడె దించి చెవుల పేరు పెట్టి పిలిచేది గూడ తగ్గింది. గోత్రాలు చెప్పే పిచ్చుకగుంట్లోళ్లు అరుదైన్రు. పాలోళ్లంతా, అంటే తండ్రి దిక్కు దాయాదులంతా, ఒక్కతాన కూసునేది ఆ దినం నాడే. ఆ ఒక్క పూటల ఐదారు తరాలు తప్పుల్లేకుండ రాసుకునుడు ఎట్ల?

జవాబు (దేవరకొండ)
బంతి లేచినంక ఎవరూ ఆగరు, పొద్దుగాలనే మొదలువెట్టాలె. ముందుగల్ల ఆ ఇంటికి కోడండ్లుగ వచ్చిన ముసలమ్మలను అడగున్రి. తోడికోడండ్ల వరుస, ఎవరి పెండ్లి ముందు, ఏ పిల్ల సచ్చిపోయింది, ఇవన్నీ వాళ్లకే ఎరుక. వాళ్ల పుట్టింటి పేరు, ఊరు గూడ రాయాలె. అది ఇడిస్తే సగం వంశం పోయినట్టే.

పెద్ద తప్పు జరిగేది పేర్ల కాడ. మనవడికి తాత పేరు పెడతరు గద. మల్లయ్య కొడుకు రామయ్య, రామయ్య కొడుకు మల్లయ్య, మళ్ల ఆయన కొడుకు రామయ్య. రాసేటోడు ఏమరితే నాలుగు తరాలు రెండైతయి. అందుకే ప్రతి పేరు పక్కన భార్య పేరు ఉండాలె: మల్లయ్య, భార్య ఎల్లమ్మ, మల్లయ్య, భార్య సాయమ్మ. ఇల్లరికం వచ్చినోళ్లకు, సాదుకున్న పిల్లలకు చుక్కల గీత గీయున్రి.

ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేరు. “పోలీస్ యాక్షన్ నాటికి ఆయన నడుస్తుండెనా, చంకల ఉండెనా?” అని అడిగితే 1948 నుంచి లెక్క దొరుకుతది. ఇద్దరు రెండు తీర్ల చెప్తే రెండూ రాసి, చెప్పినోళ్ల పేర్లు పెట్టున్రి. భూముల ముచ్చట మాత్రం ఎత్తొద్దు. అది రాంగనే నోర్లు మూతపడతయి.

జవాబు (కల్వకుర్తి)
దినానికి పోకముందే 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరిదో రాసిన పాత భూమి రికార్డు) నకలు తహసీల్ ఆఫీసుల అడిగి తెచ్చుకోన్రి. పాత కాగితాల మీద ఫసలీ, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం, ఉంటది, దానికి 590 కలపాలె. 1364 ఫసలీ అంటే 1954. పేరు తర్వాత “వల్ద్” అని ఉంటే, ఆ మాట తర్వాత ఉన్నది తండ్రి పేరు. ఉర్దూల హ్రస్వాలు రాయరు గనుక పుల్లయ్య, పిల్లయ్య ఒక్కతీరుగనే కనబడతయి. ఉమ్మడి కుటుంబమైతే పట్టా పెద్దాయన పేరు మీదనే ఉంటది. తమ్ముళ్లు కనబడకపోతే లేరనుకోవద్దు.

చెల్కల సమాధులు గూడ చూడున్రి. పాలోళ్లను పక్కపక్కన బొందపెట్టిన తావుల ఆ వరుసే వంశవృక్షం. ప్లాట్లకు అమ్మితే అవన్నీ చదును చేస్తరు, అంతకుముందే ఫొటోలు తియ్యాలె. అరిగిన అక్షరాల మీద ఇనుప బ్రష్ పెట్టొద్దు. నీళ్లతో కడిగి, చీకటి పడ్డంక టార్చిలైటు రాయికి ఆనించి పక్కనుంచి కొడితే అక్షరాలు తేలుతయి.

జవాబు (అచ్చంపేట)
కెన్యా పడమటి దిక్కు లుహ్యా అనే జనాలల్ల బుకుసు అనే తెగ ఉంది. పేరున్న ముసలాయన సచ్చిపోతే, పూడ్చినంక “కుముసే” అని సభ పెడతరు. దానికని ఉన్న వక్త లేచి తెగ పుట్టుక, వంశాల చరిత్ర జనం నడుమ చెప్తడు. చావు కాడనే వంశం చెప్పాలనే పట్టింపు వాళ్లకుంది. మనకాడ ఆ పని ఆశ్రిత కులాలది, అంటే ఒక్కో కులాన్ని నమ్ముకొని దాని కథ చెప్పి బతికేటోళ్లది. మాదిగలకు డక్కలోళ్లు, పద్మశాలీలకు కూనపులోళ్లు. వాళ్లు తమంతట వచ్చేదాక చూడకుండ, మిరాశి (మీ ఊర్ల కథ చెప్పే వంశపారంపర్య హక్కు) ఉన్న కుటుంబం ఏ ఊర్ల ఉందో కనుక్కొని, దినం తర్వాత ఇంకో రోజు పిలవాలె. గుడ్డ మీద గీసిన బొమ్మలు చూపిస్తూ చెప్పే పటం కథ ఒక పూటల ఒడవది. ముందే త్యాగం, అంటే వాళ్లకిచ్చే కట్నం, మాట్లాడుకొని, రికార్డు చేస్తమని చెప్పి ఒప్పించుకోన్రి. పటం బొమ్మలు పైనుంచి కిందికి వరుసగ ఫొటో తియ్యాలె, వరుస తప్పితే కథ తప్పుతది.

మునుగోడు అన్నా, ఇంకొక్కటి: పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు మూడు తరాల పేర్లు చదువుతరు. ఈసారి ఆ చీటీ పారేయకుండ అడిగి తీసుకోన్రి.