సప్త గోదావరి ఏడు పాయల గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

మాది ద్రాక్షారామం పక్కన చిన్న ఊరండి. ఈసారి పుష్య అమావాస్యకి చొల్లంగిలో మునిగి సప్తసాగర యాత్ర మొదలెట్టాలని మా మామ్మ ఒకటే పట్టు, ఏడు పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్లా స్నానం చేసుకుంటూ చివరికి అంతర్వేది చేరాలంట. తుల్యభాగకి చొల్లంగి, ఆత్రేయకి కోరంగి, వశిష్ఠకి అంతర్వేది, ఇవి తెలుసు. భరద్వాజ, కౌశిక పాయలకి ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారండి? పెద్దావిడ బురదలో దిగలేదు, రేవుకి మెట్లుండి ఆటో అక్కడిదాకా వెళ్తే చాలా మేలు.

ఇంకోటి, పాయలకి సప్తర్షుల పేర్లు, మా ద్రాక్షారామం గుడి పక్కన గుండం పేరూ సప్తగోదావరే, పెళ్ళిలో ఏడడుగులు, తిరుపతిలో ఏడు కొండలు, ఏడు వారాల నగలైతే ఆదివారం కెంపులు సోమవారం ముత్యాలు అని మామ్మ ఇప్పటికీ వరసగా చెప్తుంది, అసలు ఈ ఏడుకే ఇంత గొప్ప ఎందుకొచ్చిందో మీ ఇళ్ళల్లో పెద్దోళ్ళు ఏం చెప్పేవారో కూడా రాయండి ప్లీజ్.