డీజే స్టాండుకి అరలు: ఏ చెక్క వేయాలి, ఎలా బిగించాలి?

మర్రిపాలెం_మిక్స్:
అందరికీ నమస్తే. డీజే స్టాండుకి ఫ్రేము వరకు వెల్డింగ్ షాపులో చేయించాను. అంగుళం స్క్వేర్ పైపు, వెడల్పు 36 అంగుళాలు, లోతు 18, ఎత్తు 38. నల్ల పౌడర్ కోటింగ్ కూడా అయిపోయింది. ఇక అరలు వేయాలి. పైన పాటలు మిక్స్ చేసే కంట్రోలర్, పయనీర్ ఎఫ్‌ఎల్‌ఎక్స్4. దాని వెనకాల కాస్త ఎత్తులో ల్యాప్‌టాప్. కింద యాంప్లిఫయర్, మైకు రిసీవర్. నాకు వచ్చేవి ఎక్కువగా రుషికొండ, భీమిలి వైపు పెళ్లిళ్లు. ఇంట్లో పాత కంప్యూటర్ టేబుల్ ఉంది, దాని పలకలు కోయించి వేసెయ్యమని నాన్న ఒకటే పోరు. వేసెయ్యనా?

బీచ్‌రోడ్_బేస్:
వద్దు గురూ. అది పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టు జిగురుతో అదిమి చేసిన పలక అయ్యుంటుంది. నేనూ అలాగే మొదలెట్టాను. భీమిలిలో బీచ్ పక్కన రెండు రాత్రులు ప్రోగ్రాం చేసేసరికి అంచులు టీలో ముంచిన రస్కులా ఉబ్బాయి. మూడోసారి విప్పితే స్క్రూతో పాటు గుప్పెడు పొట్టు ఊడి చేతిలోకి వచ్చింది. నీళ్లు తగలక్కర్లేదు, ఆ గాలిలో తేమ చాలు.

గాజువాక_వడ్రంగం:
నాది వడ్రంగం పని, డీజే గురించి తెలిసింది తక్కువ. కానీ ఇలాంటి స్టాండ్లకి నాలుగైదింటికి అరలు వేశాను. షాపులో వాటర్‌ప్రూఫ్ ప్లై కావాలని అడక్కండి. అలా అడిగితే అన్నీ వాటర్‌ప్రూఫే అంటారు. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడండి, అది మెరైన్ గ్రేడు, నీటికి బాగా తట్టుకునే రకం. ఐఎస్ 303 అని ఉంటే పక్కన ఏం రాశారో చదవండి. బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకీ తట్టుకునేది) అయితే తక్కువ డబ్బులో నడిచిపోతుంది, ఎంఆర్ (మామూలు తేమకి మాత్రమే తట్టుకునేది) అయితే బీచ్‌కి పనికిరాదు.

మందం సంగతి. 12 ఎంఎంకీ 18 ఎంఎంకీ ఒకటిన్నర రెట్లే కదా తేడా అనుకుంటారు. వంగకుండా నిలబడే బలం మూడు రెట్లు దాటుతుంది. మధ్యలో ఆధారం లేకుండా యాంప్లిఫయర్ మోయాలంటే 18 వేయండి. ల్యాప్‌టాప్‌కి 12 చాలు. సన్మైకా వేస్తే రెండు వైపులా వేయండి, పైన ఒక్కటే అతికిస్తే కొన్నాళ్లకి పలక దోసెలా అంచులు లేస్తుంది. తేమ తాగేది కోసిన అంచులు, బెజ్జాల లోపలి గోడలు. అంచులకి అందరూ వార్నిష్ పూస్తారు, బెజ్జాల లోపల ఎవరూ పూయరు. మొదట్లో నేనూ పూయలేదు లెండి.

సీతమ్మధార_సౌండ్స్:
చెక్క సంగతి మేస్త్రి గారు చెప్పేశారు. నేను లోతు గురించి చెబుతాను, డబ్బులు బూడిదలో పోసేది అక్కడే కాబట్టి. నీ కంట్రోలర్ లోతు 11 అంగుళాల లోపే. అది చూసి 12 అంగుళాల అర కోయించావనుకో, మళ్లీ కొత్త పలక కొనాల్సిందే. టేపు తీసే ముందు వైర్లన్నీ గుచ్చి పెట్టుకో. వెనక సౌండు వైర్ల ఆర్‌సీఏ పిన్నులు రెండంగుళాల దాకా పొడుచుకొస్తాయి, వైరు మలుపు తిరగడానికి ఇంకో అంగుళం. అంటే కంట్రోలర్‌కే 14 అంగుళాలు పోయాయి.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌కి ఎంత మిగిలింది? నాలుగే. అందుకే అది కంట్రోలర్ వెనక కూర్చోదు, వైర్ల మీదుగా వంతెనలా రావాలి. రెండు పక్కలా ఎల్ యాంగిల్ నిలబెట్టి, ఆరంగుళాల ఎత్తులో 10 అంగుళాల పలక వెయ్యి. దాని ముందు అంచు కంట్రోలర్ వెనక అంచు దగ్గర మొదలవ్వాలి, వెనక అంచు ఫ్రేము దాటి మూడంగుళాలు బయటికి పోనీ. రెండు కేజీల ల్యాప్‌టాప్‌కి స్టాండు వెనక్కి పడదు. ఆరంగుళాలు ఎందుకంటే, పాట మధ్యలో పిన్ను వదులైతే కింద నుంచి చెయ్యి దూరాలి. నాది నాలుగంగుళాలే పెట్టాను. వేళ్లు వెళ్తాయి, పిడికిలి వెళ్లదు. పెళ్లికొడుకు దిగే టైముకి ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకోమని ఎవరో చిన్నపిల్లాణ్ణి పిలవాల్సి వచ్చింది.

అల్లిపురం_అన్న:
తమ్ముడూ, చెక్క స్క్రూలతో మాత్రం బిగించకు. ఇంట్లో అలమరా ఒకసారి బిగిస్తే అయిపోతుంది. నువ్వు వారానికి రెండుసార్లు విప్పుతావు, ప్లైలో మర గుజ్జయిపోతుంది. ఆరుపారు బోల్టు వెయ్యి, ఎం8, అంటే 8 ఎంఎం లావుది. చెక్క పైవైపు టీ నట్టు (చెక్కలో దిగే ముళ్లున్న నట్టు) కొట్టించి, కింద పైపులోంచి స్టార్ నాబ్ (చేత్తో తిప్పే పిడి ఉన్న బోల్టు) పెట్టుకుంటే పానా అక్కర్లేదు, చేత్తోనే అయిపోతుంది. నాబ్ కింద స్ప్రింగ్ వాషర్ మర్చిపోకు. ఎప్పుడూ విప్పని చోట నైలాక్ నట్లు, లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానివి.

నేను మామూలు నట్లతో అరకులో ఒక పెళ్లికి వెళ్లాను. అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి నాలుగింటిలో మూడు వదులైపోయాయి, ఒకటి బండిలోనే ఎక్కడో పడిపోయింది. పందిరి వేసే కుర్రాడి దగ్గర బైండింగ్ వైరు అడుక్కుని అర కట్టాను. సంగీత్ అంతా నా చూపు ఆ వైరు మీదే.

బోల్టులు స్టెయిన్‌లెస్‌వి కొను. అయస్కాంతం అంటుకోకపోతే మంచి రకమని లెక్క.

గోపాలపట్నం_గేరు:
అన్నా, ఆ అయస్కాంతం లెక్క నమ్మొద్దు. తుప్పు పట్టే 202 రకానికీ అంటుకోదు. మంచి 304 బోల్టు కూడా తయారీలో ఒత్తిడికి గురై కాస్త అంటుకోవచ్చు. బోల్టు తల మీద ఏ2 అని చెక్కి ఉందేమో చూడండి, అది 304 రకం. ఏ4 అంటే 316, ఉప్పుగాలికి ఇంకా మంచిది గానీ రేటు ఎక్కువ.

ఇంకో మాట. డ్రిల్లు పడ్డ చోట పౌడర్ కోటింగ్ పోతుంది. అక్కడ రెడ్ ఆక్సైడ్ పూసి, నైలాన్ వాషర్ వేసి అప్పుడు బిగించాలి. లేకపోతే స్టెయిన్‌లెస్ బోల్టు తళతళలాడుతూనే ఉంటుంది, దాన్ని ఆనుకున్న పైపు తుప్పు పట్టిపోతుంది. పైపు చివర్లకి ప్లాస్టిక్ మూతలు కూడా వెయ్యి.

మర్రిపాలెం_మిక్స్:
అందరికీ థాంక్స్. పాత టేబుల్ ఐడియా మానేశాను, నాన్న మూతి ముడుచుకున్నారు. నా యాంప్లిఫయర్ పాతది, ట్రాన్స్‌ఫార్మర్ రకం, 17 కేజీలు. కింద అరకి ఇనుప రేకు వేయించనా?

బీచ్‌రోడ్_బేస్:
రేకు వద్దు, బేస్ పడితే మోగుతుంది. 18 ఎంఎం ప్లైయే వెయ్యి, వీలైనంత కింద. బరువు కింద ఉంటేనే స్టాండు పడదు. యాంప్లిఫయర్ పైన రెండంగుళాలు ఖాళీ, వెనక పూర్తిగా ఖాళీ. ఫ్యాన్ ఏ వైపు నుంచి గాలి వదులుతోందో చెయ్యి పెట్టి చూసుకో. అసలు శత్రువు డెకరేషన్ వాళ్లు. స్టాండు బాగోలేదని నిలువునా తెల్లగుడ్డ చుట్టి పిన్నులు గుచ్చేస్తారు. ఒకసారి నాకు డాన్సు మధ్యలో యాంప్లిఫయర్ వేడెక్కి ప్రొటెక్ట్ లైటు వెలిగి సౌండు ఆగిపోయింది. అప్పట్నుంచి ముందు వైపు గుడ్డ నేనే తెచ్చుకుంటున్నాను, వెనక ఎవర్నీ ముట్టుకోనివ్వను.

మర్రిపాలెం_మిక్స్:
మూడు వారాల తర్వాత వచ్చాను. అరలు పడ్డాయి. ఒక తప్పు చేశాను. ఫ్రేము లోపలి కొలత 34 అంగుళాలు, పలక కూడా సరిగ్గా 34 కోయించాను. అంచు పట్టీ అతికించాక లోపలికి దిగనంది. పట్టీ పీకి, చిత్రిక పట్టించి, మళ్లీ అతికించాల్సి వచ్చింది. రెండు పక్కలా మూడేసి ఎంఎం వదిలి కోయించుకోండి. ల్యాప్‌టాప్ వంతెన మాత్రం సీతమ్మధార అన్న చెప్పినట్టే కుదిరింది, కింద నుంచి చెయ్యి దూరుతోంది. పలక మీద రబ్బరు షీటు అతికించాను, ల్యాప్‌టాప్ జారడం లేదు.

మొన్న రుషికొండలో మొదటి ప్రోగ్రాం. ఇంట్లో రసమట్టం పెట్టి చూసుకున్నదంతా ఇసుకలో తేలిపోయింది. సౌండ్ చెక్ అయ్యేలోపు ఎడమ కాళ్లు రెండూ దిగబడి అరలన్నీ ఒరిగాయి. మిగిలిన 18 ఎంఎం ముక్కలు ఆరంగుళాల చదరంగా కోయించి బండిలో వేసుకున్నాను, ఎందుకైనా మంచిదని. నాలుగు కాళ్ల కింద నాలుగు పెట్టాను. పదికి సౌండు ఆపేదాకా మళ్లీ కదల్లేదు. సర్దేటప్పుడు ఇసుక తవ్వి మూడే తీయగలిగాను, నాలుగోది దొరకలేదు.