స్విఫ్ట్, థోరో: ఒప్పించే తీరులో తేడా ఎక్కడ?

ప్రశ్న (హనుమకొండ నుంచి): ఎం.ఏ. ఆంగ్లం చదువుతున్నాను. ఐరిష్ రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1729లో ప్రచురించిన వ్యంగ్య వ్యాసం ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’ను, అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1849 నాటి వ్యాసం ‘సివిల్ డిస్ఒబీడియన్స్’ను పోల్చవలసి ఉంది. ఇద్దరూ అన్యాయాన్నే ఎదిరించినప్పుడు, పాఠకుణ్ణి ఒప్పించే పద్ధతి ఎక్కడ వేరవుతుందో పెద్దలు వివరించగలరు.

జవాబు 1: స్విఫ్ట్ తన గొంతుతో మాట్లాడడు తమ్ముడూ. ఐర్లండు పేదల పసిబిడ్డలను ఆహారంగా అమ్మాలని నిబ్బరంగా లెక్కలు వేసే ఒక పథకకర్తను సృష్టిస్తాడు. ఆ నిబ్బరమే మనకు రోత పుట్టిస్తుంది. దేశంలో ఉండని భూస్వాములపై పన్ను, స్వదేశీ వస్తువుల వాడకం వంటి అసలు పరిష్కారాలను అతని చేత తోసిపుచ్చిస్తూనే మన చెవిన వేయడం, నా దృష్టిలో, వ్యాసంలోకెల్లా గొప్ప నేర్పు.

జవాబు 2: థోరో ‘నేను’ అంటూ సూటిగా నిలబడతాడు. బానిసత్వాన్ని, మెక్సికోపై అమెరికా చేసిన యుద్ధాన్ని నిరసిస్తూ తలపన్ను కట్టక ఒక రాత్రి జైలులో గడిపాడు కనుక, ఆయన ఆచరణే ఆయన వాదానికి సాక్ష్యం.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలు అన్నా. పథకకర్త గొంతు నుంచే మొదలుపెడతాను.