పింగ్‌కు జవాబు వస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు

ప్రశ్న: విండోస్‌లో గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తుందో లేదో చూసే ఆదేశం) చేస్తే నాలుగు ప్యాకెట్లకూ జవాబు వస్తోంది కానీ, బ్రౌజర్‌లో ఏ సైటూ తెరుచుకోవడం లేదు. ప్యాకెట్లు వెళ్లే దారిలోని రౌటర్లను వరుసగా చూపే ట్రేసర్ట్‌లో మూడో వరుసలో మాత్రం నక్షత్రాలే కనిపిస్తున్నాయి. లోపం అక్కడే ఉందనుకోవచ్చా?

జవాబు: అక్కడ కాదండి. తర్వాతి వరుసలు వస్తున్నాయంటే, ఆ రౌటర్ ప్యాకెట్లను ముందుకు పంపుతూనే తన వంతు ఐసీఎంపీ (నెట్‌వర్క్ స్థితిని తెలిపే సందేశాల పద్ధతి) జవాబును మాత్రం ఇవ్వడం లేదని అర్థం; చాలామంది ఇక్కడే పొరబడతారు. నా అనుమానమంతా సైట్ పేరుకు ఐపీ చిరునామా వెతికి ఇచ్చే డీఎన్‌ఎస్ మీదే. డీఎన్‌ఎస్‌ను నేరుగా అడిగే ఎన్‌ఎస్‌లుకప్ ఆదేశానికి ఒక సైట్ పేరు ఇచ్చి చూసి, ఆపై అదే ఆదేశం చివర గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ అయిన 8.8.8.8 చేర్చి మళ్లీ అడగండి.

అడిగినవారు: మొదటిసారి గడువు ముగిసిందని వచ్చింది. రెండోసారి చిరునామా వెంటనే వచ్చింది.

మరో జవాబు: అయితే ప్రస్తుతం అమరికల్లో ఉన్న డీఎన్‌ఎస్ సర్వరే పలకడం లేదు. దాన్ని మార్చి, కంప్యూటర్ దాచుకున్న పాత డీఎన్‌ఎస్ జవాబులను చెరిపేసే ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్ ఆదేశం ఇచ్చాక మళ్లీ ప్రయత్నించండి.