అమ్మకి సీఏ 15-3 పెరిగింది, పెట్ స్కాన్‌కి వెళ్లాలా?

కాకినాడ_అమ్మాయి:
అమ్మకి 58 ఏళ్లు. పోయినేడాది రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి, ఇప్పుడు రోజూ లెట్రోజోల్ అనే హార్మోన్ మందు వేసుకుంటోంది. మనిషి బాగానే ఉంది, నొప్పులూ దగ్గూ ఏమీ లేవు. మొన్న షుగర్ టెస్టుకి వెళ్తే ల్యాబ్ వాళ్లు క్యాన్సర్ ప్యాకేజీ కూడా ఉందన్నారు, సరే అని చేయిస్తే సీఏ 15-3 అని రక్తంలో చూసే రొమ్ము క్యాన్సర్ మార్కర్ 38 వచ్చింది, పక్కన 30 లోపు ఉండాలని ఉంది. ఆపరేషన్‌కి ముందు వేరే ల్యాబ్‌లో 21. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. పెట్ స్కాన్ చేయించేద్దామా? నాకు కూడా వస్తుందో లేదో ముందే తెలిసే టెస్టు ఏదైనా ఉందా?

స్లైడు_మనిషి:
ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి చెప్తున్నా, రెండు ల్యాబ్‌ల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకండి, మెషినూ కిట్టూ మారితే అంకె మారుతుంది. సీఏ 15-3 క్యాన్సర్ కణాలకి మాత్రమే సొంతం కాదు, లివర్ జబ్బుల్లోనూ, క్యాన్సర్ కాని కొన్ని రొమ్ము సమస్యల్లోనూ పెరుగుతుంది. అమ్మగారికి ఫ్యాటీ లివర్ లాంటిదేమైనా ఉందా? అసలు ఏ లక్షణాలూ లేనివాళ్లకి ఊరికే ఈ టెస్టు చేయొద్దనే అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో కూడా చెప్తుంది, ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఆ ముక్క చెప్పరు. ముందు మీ ఆంకాలజిస్టుకి చూపించండి, స్కాన్ కావాలో వద్దో ఆయన చెప్తారు.

అనుభవం_ఉంది:
అలా తీసిపారేయకండి సార్. మా అత్తగారికి ఈ నంబరు పెరగబట్టే ఎముకల్లోకి పాకిందని తెలిసింది.

స్లైడు_మనిషి:
నిజమే, కొందరిలో లక్షణాల కన్నా ముందే పెరుగుతుంది. కానీ ముందే పట్టుకుంటే ఎక్కువకాలం బతుకుతారా అనేది వేరే ప్రశ్న. ఇటలీలో దీనిమీద చేసిన రెండు పెద్ద ట్రయల్స్ 1994లో వచ్చాయి, తరచూ స్కాన్లూ టెస్టులూ చేసినవాళ్లకీ, మామూలు చెకప్‌లూ మామోగ్రామూ మాత్రమే చేసినవాళ్లకీ ఆయుష్షులో తేడా కనపడలేదు. ఇప్పటికే వేరే చోటికి పాకినవాళ్లకైతే మందు పనిచేస్తోందా లేదా చూడటానికి స్కాన్లతో పాటు ఈ మార్కర్ వాడతారు. అక్కడ కూడా కొత్త మందు మొదలెట్టిన తొలి 4 నుంచి 6 వారాల్లో, మందు పనిచేస్తున్నా సరే, అంకె ఎగబాకొచ్చు.

అమ్మగారికి ముఖ్యమైన మార్కర్లు బయాప్సీ రిపోర్టులో ఉంటాయి, ఈఆర్, పీఆర్ (హార్మోన్ రిసెప్టర్లు), హెర్2 (క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రోటీన్). లెట్రోజోల్ ఇస్తున్నారంటే హార్మోన్ పాజిటివ్ అన్నమాట. హెర్2 దగ్గర 2+ అని ఉంటే ఫిష్ టెస్టు (హెర్2 జన్యువుని నేరుగా చూసే పరీక్ష) చేశారో లేదో చూడండి, 2+ అంటే అటూ ఇటూ తేలలేదని. 3+ అయితే పాజిటివే, దానికి మందు వేరు.

గుంటూరు_డాక్టరమ్మ:
మీ సంగతి చెప్తానమ్మా. సీఏ 15-3తో ముందే కనిపెట్టడం కుదరదు, మీరు చేయించుకోవద్దు. ముందే తెలియాలంటే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష ఉంది, ఆ పేరున్న జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన మార్పు ఉందేమో చూస్తారు, అయితే అది ముందు అమ్మకి చేయాలి. ఆమెలో మార్పు దొరికితే మీలో అదొక్కటే వెతికితే చాలు. బీఆర్‌సీఏ1 మార్పు ఉన్న ఆడవాళ్లలో 80 ఏళ్లు వచ్చేసరికి దాదాపు 70 శాతం మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది, అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది. కుటుంబంలో ఇంకెవరికైనా, ముఖ్యంగా చిన్న వయసులో, వచ్చిందా? నాన్నగారి వైపు కూడా అడగండి, ఆ వైపు అడగడం అందరూ మర్చిపోతారు.

కాకినాడ_అమ్మాయి:
థాంక్సండీ. ఫ్యాటీ లివర్ ఉంది, గ్రేడ్ 2. ఫైలు తీశాను, హెర్2 2+, ఫిష్ నెగటివ్ అని ఉంది. నాన్న వాళ్ల అక్కకి అండాశయ క్యాన్సర్ వచ్చింది, అది కూడా లెక్కలోకి వస్తుందా? డాక్టరు మళ్లీ రక్త పరీక్ష రాస్తే పరగడుపున వెళ్లాలా?

గుంటూరు_డాక్టరమ్మ:
తప్పకుండా వస్తుంది, మేనత్త సంగతి జెనెటిక్ కౌన్సెలర్‌కి ముందే చెప్పండి. అయితే అది నాన్న వైపు కాబట్టి అమ్మ టెస్టుతో తేలదు. మేనత్త ఉంటే ఆమెకి, లేకపోతే నాన్నకి చేయాల్సి రావచ్చు.

స్లైడు_మనిషి:
పరగడుపు అక్కర్లేదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే మాత్రం ల్యాబ్‌లో చెప్పండి, కొన్ని మెషిన్లలో దానివల్ల రిజల్ట్ తప్పుగా వస్తుంది.