చిన్న కళాశాల స్నాతకోత్సవం: గౌరవ డాక్టరేటు ఎవరికి, ప్రసంగం ఎవరిది?

నీలిసిరా: మా స్నాతకోత్సవ కమిటీలో ఉన్నాను. గ్రంథాలయం కట్టించిన దాతకు గౌరవ డాక్టరేటు ఇచ్చి, ప్రసంగం కూడా ఆయన చేతే చేయించాలని యాజమాన్యం పట్టుదల. పేరున్నవాళ్లు చిన్న కళాశాలకు రారంటున్నారు. మీ దగ్గర ఎలా చేస్తారు?

చివరివరుస: దాత ప్రసంగం మాత్రం వద్దండీ! మా పట్టాల రోజున ఒకాయన తన సంస్థ చరిత్ర మొత్తం చదివారు. ఆలస్యమైందని మా పేర్లు గబగబా చదివేశారు, అవీ తప్పుగా. మా అమ్మకు నా పేరు వినిపించనేలేదు.

మాజీరిజిస్ట్రారు: రారని ఎవరన్నారు? 1946లో బ్రిటన్ మాజీ ప్రధాని చర్చిల్ అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఉన్న ఫుల్టన్‌కు, వెస్ట్‌మినిస్టర్ అనే చిన్న కళాశాలకు వచ్చి సోవియట్ ప్రభావం ఐరోపాను రెండుగా చీల్చిందని చెప్పిన 'ఇనుప తెర' ప్రసంగం చేశారు. ఆహ్వానం మీద అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ స్వయంగా సిఫారసు రాశారు. ట్రూమన్ దగ్గరి సైనిక సహాయకుడు ఆ కళాశాల పూర్వ విద్యార్థి. ముందు మీ పూర్వ విద్యార్థుల జాబితా తీయండి. ఇలాంటి ఏర్పాట్లు చాలా చేశాను కనుక చెబుతున్నాను.

ఆధారంకావాలి: అది స్నాతకోత్సవమే కాదు. మార్చి 5న వ్యాయామశాలలో జరిగిన ఉపన్యాసం.

మాజీరిజిస్ట్రారు: నేను స్నాతకోత్సవం అన్నానా? పెద్ద మనిషిని రప్పించే దారి చెప్పాను.

పరిశోధకురాలు: అసలు బాధ నేను చెబుతాను. గౌరవ డాక్టరేటు తీసుకున్న ఒకాయన మర్నాడే పేరు ముందు 'డాక్టర్' చేర్చుకున్నారు. సిద్ధాంత గ్రంథానికి కళ్లు కాయలు కాచేలా చదివినవాళ్లం ఏమైపోవాలి?

పాతపుస్తకం: అమెరికా నేత, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు 1759లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం ఇచ్చింది గౌరవ డాక్టరేటే. లోకమంతా ఆయన్ను డాక్టర్ ఫ్రాంక్లిన్ అనే పిలిచింది. ఎందుకింత అసూయ?

పరిశోధకురాలు: అసూయ అన్న మాట వెనక్కి తీసుకోండి! విద్యుత్తు మీద ఆయన ప్రయోగాలు చేశారు. నేను చెప్పినాయన చెక్కు రాశారు.

పాతపుస్తకం: చెక్కు లేకపోతే మీ ప్రయోగశాల ఎక్కడిదమ్మా?

పరిశోధకురాలు: కృతజ్ఞత చెప్పడానికి శిలాఫలకం ఉంది. పాండిత్యానికి పెట్టిన బిరుదు ఎందుకు?

ఆధారంకావాలి: ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ గౌరవ డిగ్రీలే ఇవ్వవు. అయినా 2005లో స్టీవ్ జాబ్స్ స్టాన్‌ఫర్డ్‌కు వచ్చి మాట్లాడారు. పట్టా ఎర చూపితేనే వక్త దొరుకుతాడన్నది అబద్ధం.

చివరివరుస: అది స్టాన్‌ఫర్డ్ కాబట్టి వచ్చారు. మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు?

మాజీరిజిస్ట్రారు: ఇంకో సంగతి. అమెరికా హాస్యనటుడు బిల్ కాస్బీకి ఇచ్చిన గౌరవ డిగ్రీలను, లైంగిక దాడి ఆరోపణలు వచ్చాక, ఎన్నో విద్యాసంస్థలు రద్దు చేసుకున్నాయి. రద్దు నిబంధన ముందే రాసి పెట్టుకోండి.

నీలిసిరా: అందరికీ కృతజ్ఞతలు. మరి దాతకు ఏమని చెప్పాలి? సమావేశం దగ్గరపడింది.

మాజీరిజిస్ట్రారు: గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టి, వేదిక మీద సత్కరించండి. డాక్టరేటు సంగతి అధ్యాపకుల ఓటుకు వదలండి. కాదన్న మాట యాజమాన్యం నోట రావలసిన పని ఉండదు.

పాతపుస్తకం: అధ్యాపకులు ఓటేస్తే తమలో ఒకరికే ఇచ్చుకుంటారు.

పరిశోధకురాలు: ఇచ్చుకుంటే తప్పేమిటి? జీవితమంతా అక్కడే పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లను ఏ కమిటీ తలచుకుంది?