కెస్వాచాకా వంతెన అల్లే రోజుల్లో వెళ్లొచ్చా?

కొండదారి: పెరూలో కుస్కో దగ్గర, కానస్ ప్రావిన్స్‌లో అపురిమాక్ నది మీద గడ్డి తాళ్ల వంతెన ఉంది, కెస్వాచాకా. ఏటా జూన్‌లో అక్కడి మూలవాసులైన కెచువాల నాలుగు ఊళ్లవాళ్లు పాతదాన్ని తెంపి నదిలోకి వదిలేసి కొత్తది అల్లుతారు. ఆ రోజుల్లోనే వెళ్దామనుకుంటున్నాం. ఏమంటారు?

నల్లరేగడి: వద్దండీ. అది మొక్కు. ముందు పూజారి పచమామకు, అంటే భూమితల్లికి, నైవేద్యం పెట్టాకే పని మొదలవుతుంది. మిగతా నెలల్లో వెళ్లి చూడండి, వంతెన ఎక్కడికీ పోదు.

సంచిభుజాన: జూన్‌లోనే వెళ్లాలి! 2013లో యునెస్కో గుర్తించింది ఏటా కట్టే ఆ పనితనాన్ని, ఆ పూజల్నే. ఆడవాళ్లు కోయా గడ్డిని అరచేతుల మధ్య పేని సన్నతాడు తీస్తారు. మగవాళ్లు వాటిని కలిపి తొడంత లావు మోకులు చేసి ఆ ఒడ్డుకి లాగుతారు. అది చూడకపోతే ఇంకేం చూసినట్టు?

వెన్నెల: ఎత్తు 3,700 మీటర్లు దాకా ఉంటుంది. ముందు కుస్కోలో ఆగి అలవాటు పడండి.

నల్లరేగడి: ఎత్తు సంగతి ఎవరడిగారు?

సంచిభుజాన: టికెట్ సంగతి చూసుకోండి. మా దగ్గర ఓ ఏజెన్సీ ఊరి రుసుముతో కలిపే తీసుకుంది. తీరా వెళ్తే ఊరికి పైసా ముట్టలేదు. మళ్లీ మేమే కట్టాం.

నల్లరేగడి: మీ టికెట్ కోసమా వాళ్లు కట్టేది? కరోనాతో 2020లో పని ఆగింది, 2021 మార్చిలో వంతెన కూలిపోయింది. ఆ జూన్‌లోనే మళ్లీ కట్టుకున్నారు. ఎవరొస్తారని?

సంచిభుజాన: కోప్పడకండి. పక్కనే బండ్లు వెళ్లే వంతెన ఉంది. నది దాటడానికి గడ్డిది అక్కర్లేదు. బయటివాళ్లు రాకపోతే ఆ ఊరి కుర్రాళ్లు ఎన్నాళ్లు అల్లుతారు?

నల్లరేగడి: మా ఊరి జాతరలో మా పెద్దమ్మకు పూనకం వస్తే ఎవరో వీడియో తీసి నెట్లో పెట్టారు. కింద నవ్వులు, వెక్కిరింతలు. ఆవిడ మళ్లీ జాతరకి రాలేదు. ఆ వీడియో తీసినవాడూ మన సంస్కృతి మీద ప్రేమతోనే వచ్చానన్నాడు.

సంచిభుజాన: అది అన్యాయమే. అలాగని ఎవ్వరూ గడప తొక్కొద్దంటే ఎలా?

కొండదారి: పని అయ్యాక చివరి రోజు ఆటపాటలతో పండుగ ఉంటుందట. దానికి వెళ్తే?

నల్లరేగడి: దానికి వెళ్లండి. పూజ రోజు మాత్రం వద్దనే అంటాను.

సంచిభుజాన: నేను మొదటి రోజు నుంచీ ఉండమనే అంటాను, ఊరివాళ్లని అడిగి.